95 శాతం ఆన్ టైమ్ అంటే ఎంత?

ప్రశ్న: నమస్తే అండీ. ఏడుగురు ప్రాజెక్ట్ మేనేజర్లున్న టీమ్‌కి ఈ మధ్యే లీడ్ అయ్యాను. ఏడాదికి 14 ప్రాజెక్టుల దాకా పూర్తి చేస్తాం. "మీ టీమ్‌కి కొలవగలిగే లక్ష్యాలు కావాలి, రెండు వారాల్లో పంపండి" అన్నారు మా డైరెక్టర్. నేను రాసినవి ఇవి: 95 శాతం ప్రాజెక్టులు ఆన్ టైమ్, బడ్జెట్ తేడా 5 శాతం లోపు, ఎస్‌పీఐ (పని షెడ్యూల్ ప్రకారం ఎంత సాగిందో చూపే సూచీ) 0.95కి పైన, క్లయింట్ సంతృప్తి 5కి 4.5, వీక్లీ రిపోర్టులు నూటికి నూరు సకాలంలో. టీమ్‌కి చూపిస్తే పెద్ద గొడవైపోయింది. "క్లయింట్ మధ్యలో మనసు మార్చుకుంటే నా రేటింగ్ ఎందుకు పోవాలి?" అని ఒకరు, "పోయినేడు కూడా రిపోర్టుల్లో అన్నీ గ్రీనే కదా (అంతా సవ్యమని), ఏం ఒరిగింది?" అని ఇంకొకరు. వాళ్లన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. అలాగని లక్ష్యాలు లేకుండా కుదరదు. ఏం చెయ్యమంటారు? వీటిని బోనస్‌కి ముడిపెట్టొచ్చా? ఏదైనా టూల్ కొనాలా? (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు మీ మొదటి లక్ష్యాన్ని లెక్కేసి చూద్దాం. 14 ప్రాజెక్టుల్లో 13 సమయానికి పూర్తయితే 92.9 శాతం. ఒక్కటి జారినా 95 అందదన్నమాట. పేరుకి 95 అని రాశారు గానీ మీరు అడుగుతున్నది నూటికి నూరు. ఏడాది మొదలైన మూడో నెలలోనే ఒక ప్రాజెక్టు ఆలస్యమైందనుకోండి, లక్ష్యం అక్కడితో చచ్చిపోయినట్టే. మిగతా తొమ్మిది నెలలూ దాని ముఖం ఎవరూ చూడరు. లేదంటే ఇంకా ప్రమాదం: ఆ మొదటి ఆలస్యాన్ని ఆలస్యమని ఒప్పుకోకుండా ఉండటానికే మీ వాళ్ల తెలివంతా ఖర్చవుతుంది. ఏడాదికి వందల ప్రాజెక్టులు చేసేవాళ్లకి శాతాలు సరిపోతాయి. మీరు "14లో 11" అని రాసుకోండి, చదివేవాళ్లకి అసలు సంగతి కనిపిస్తుంది.

రెండో మెలిక "ఆన్ టైమ్" అన్న మాటలోనే ఉంది. ఏ తేదీతో పోల్చి? మొదటి రోజు ఒప్పుకున్న తేదీతోనా, మధ్యలో మూడుసార్లు మార్చి ఆమోదం తెచ్చుకున్న తేదీతోనా? రెండోదైతే అందరూ ఆన్ టైమే. గడువు దగ్గరపడగానే బేస్‌లైన్, అంటే పోల్చి చూసే తేదీ, మార్చేస్తే సరి. మొదటిదైతే, క్లయింట్ పని రెట్టింపు చేసినా నేరం మేనేజర్‌దే. మీ టీమ్‌లో ఒకరు అడిగిన ప్రశ్న ఇక్కడి నుంచే పుట్టింది, సబబైన ప్రశ్నే. రెండు తేదీలూ పక్కపక్కనే చూపించడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఇక "పోయినేడు అన్నీ గ్రీనే" అన్న రెండో వ్యక్తి. ఆ మాట అన్నందుకు వాళ్లకి నా తరఫున ఓ కాఫీ ఇప్పించండి. మన వృత్తిలో దీన్ని పుచ్చకాయ రిపోర్టు అంటారు. పైకి పచ్చగా నిగనిగలాడుతుంది, కోస్తే లోపలంతా ఎరుపు. డెలివరీకి వారం ముందు దాకా గ్రీన్, ఆ వారంలో ఒక్కసారిగా రెడ్. అలాంటి రిపోర్టు రాసినవాళ్లని అబద్ధాలకోరులని తిట్టుకోకండి. ఎరుపు చూపించిన ప్రతిసారీ "ఎందుకిలా అయింది, ఎవరు బాధ్యులు" అని నిలదీస్తే ఏ మనిషైనా పచ్చరంగే పూస్తాడు. ఆ రంగు వేయించింది మనం పెట్టిన లక్ష్యమే.

నేను కూడా ఈ పని చేసినవాణ్నే. చాలా ఏళ్ల కిందట ఒక టీమ్‌ని నడిపేటప్పుడు "రిస్క్ రిజిస్టర్‌లో (రాగల ఇబ్బందులు రాసిపెట్టుకునే పట్టికలో) 60 రోజులు దాటిన రిస్కులు సున్నా ఉండాలి" అని లక్ష్యం పెట్టాను. మహా తెలివైన లక్ష్యం అనుకున్నాను. మూడు నెలల్లో సున్నా వచ్చింది కూడా. మా వాళ్లు కొత్త రిస్కులు రాయడం మానేశారు, పాతవి 59వ రోజున మూసేసి మర్నాడు కొత్త నంబర్‌తో తెరిచారు. రిజిస్టర్ అద్దంలా మెరిసింది. ప్రాజెక్టు నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి కారణమైన రిస్కు అందరికీ తెలుసు, రిజిస్టర్‌లో మాత్రం లేదు.

ఇది మా ఒక్కరి కథ కాదు లెండి. బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి ఇలాంటి మాటే అన్నాడు. మారిలిన్ స్ట్రాథర్న్ అనే మానవశాస్త్రవేత్త 1997లో దాన్ని అందరికీ పనికొచ్చేలా చెప్పింది: కొలతనే లక్ష్యం చేస్తే అది ఇక మంచి కొలతగా ఉండదు. మీ డైరెక్టర్ గారు "కొలవలేనిదాన్ని నిర్వహించలేం" అన్న సూక్తి చదవొచ్చు, నాణ్యత నిర్వహణలో పేరున్న అమెరికన్ నిపుణుడు డెమింగ్ అన్నాడని కూడా చెప్పొచ్చు. వాదన పెట్టుకోకండి గానీ మీకు తెలిసి ఉండటం మంచిది: డెమింగ్ రాసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కొలవలేనిదాన్ని నిర్వహించలేమనుకోవడం తప్పు, ఖరీదైన అపోహ అన్నాడాయన.

అలాగని కొలవడం మానేద్దామా? వద్దు. ఏది కొలవాలో మారుద్దాం.

ప్రాజెక్ట్ మేనేజర్ కోడ్ రాయడు, గోడ కట్టడు, యంత్రం బిగించడు. ఆ పనులు చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఆయన చేతిలో ఉన్నవి మూడే: జరగబోయేదాన్ని ముందుగా పసిగట్టడం, అది తెలియాల్సిన వాళ్లకి వెంటనే చెప్పడం, ఆగిపోయిన నిర్ణయాన్ని తెప్పించడం. మీ జాబితాలో ఉన్న అంకెలేమో చాలావరకు వేరేవాళ్ల పని ఫలితాలు. వాటిని కంపెనీ చూసుకోవాలి, తప్పకుండా చూసుకోవాలి. కానీ వాటితో ఈ ఏడుగురినీ తూకం వేస్తే, వాన పడలేదని వాతావరణ శాఖకి జీతం కోసినట్టే ఉంటుంది. వాతావరణ శాఖని అడగాల్సింది "ఎంత ముందుగా చెప్పారు, చెప్పింది ఎంతవరకు నిజమైంది" అని.

కాబట్టి మీ మొదటి లక్ష్యం చెడువార్త ఎంత ముందుగా వచ్చిందన్నదే కావాలి. ఇలా లెక్కకట్టండి. ఏదైనా మైలురాయి (ప్రాజెక్టులో ఫలానా తేదీకి పూర్తి కావాల్సిన ముఖ్యమైన దశ) తేదీ జారినప్పుడు, అది జారుతుందని మేనేజర్ మొదటిసారి రాతపూర్వకంగా చెప్పింది అసలు తేదీకి ఎన్ని పనిదినాల ముందు? పాత మెయిళ్లు, మీటింగ్ నోట్సు తిరగేస్తే దొరుకుతుంది. ఉదాహరణకి పోయినేడు తొమ్మిది మైలురాళ్లు జారాయనుకుందాం. హెచ్చరికలు వరుసగా 2, 0, 5, 1, 3, 0, 21, 4, 2 రోజుల ముందు వచ్చాయి. సగటు తీస్తే 4.2, ఫర్వాలేదనిపిస్తుంది. కానీ అది ఆ ఒక్క 21 పుణ్యం. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చి నడిమిది చూడండి, అదే బళ్లో మధ్యగతం అని నేర్చుకున్నాం, అది 2. అంటే మామూలుగా మీ టీమ్ రెండు రోజుల ముందు చెబుతోంది. రెండు రోజుల్లో ఎవరు ఏం సర్దగలరు? మనుషుల్ని మార్చలేరు, క్లయింట్‌తో మాట్లాడలేరు, పని తగ్గించలేరు. అదే పది పనిదినాలుంటే ఈ మూడూ సాధ్యమే. "జారిన మైలురాళ్లకి ముందస్తు హెచ్చరిక మధ్యగతం 2 పనిదినాల నుంచి నాలుగో త్రైమాసికానికి 10కి చేరాలి" అని రాయండి. ఇక్కడ నేను వేసిన అంకెలు ఊహకి మాత్రమే, మీవి మీ మెయిళ్లలోంచి తీయండి.

దీన్నీ మోసం చేయొచ్చు, ఎందుకు చేయలేరు! ప్రతి మైలురాయికీ నెల ముందే "జారొచ్చు" అని ఒక మెయిల్ పడేస్తే అంకె అదిరిపోతుంది. అందుకే దాని పక్కన ఇంకో అంకె కట్టెయ్యాలి: హెచ్చరించినా జారనివి ఎన్ని? సగానికి మించితే అది హెచ్చరిక కాదు, నాన్నా పులి. ఇలా ప్రతి కొలతకీ దాన్ని అదుపులో పెట్టే జంట ఉండాలని ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ 1980లలోనే రాశాడు. ఒకటి పరిమాణం చూస్తే రెండోది నాణ్యత చూడాలి. మీరు పెట్టే ప్రతి లక్ష్యానికీ "దీన్ని సాధించినట్టు కనిపించడానికి సులువైన దొంగదారి ఏది?" అని మీ టీమ్‌నే అడగండి. నవ్వుతూనే పది దారులు చెబుతారు. జంట అంకె అందులోంచే దొరుకుతుంది.

ఆ అంకె 10కి చేరాలంటే ఇంకో పని కూడా జరగాలి. "పని 90 శాతం అయింది" అన్న మాట మీ సమావేశాల్లోంచి పోవాలి. మొదటి 90 శాతానికి మూడు వారాలు పడుతుంది, మిగతా 10 శాతానికి ఇంకో మూడు వారాలు. అది ఎవరూ కావాలని చెప్పే అబద్ధం కాదు, మిగిలిన పని కళ్లకి కనిపించదంతే. ప్రతి పనినీ వారం, రెండు వారాలకి మించని ముక్కలు చేసి, ముక్క పూర్తయితే 100, లేకపోతే 0 అని లెక్కేస్తే ఈ జబ్బు చాలావరకు కుదురుతుంది. మొదటి నెల అంకెలు దారుణంగా కనిపిస్తాయి. డైరెక్టర్ గారికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

రెండో లక్ష్యం నిర్ణయాల గురించి. ప్రాజెక్టులు ఆలస్యమయ్యేది పని నెమ్మదిగా జరిగి మాత్రమే అనుకుంటాం గానీ, ఎవరో ఒకరు "సరే" అనడం కోసం ఎదురుచూస్తూ పోయే రోజులు తక్కువేమీ కావు. సమస్యని ప్రత్యామ్నాయాలతో సహా పైవాళ్ల ముందు పెట్టిన రోజు నుంచి జవాబు వచ్చిన రోజు దాకా లెక్కపెట్టండి. "ప్రత్యామ్నాయాలతో సహా" అన్నది ముఖ్యం. ఊరికే "సర్, ఇక్కడ ఇబ్బందిగా ఉంది" అన్న రోజుని మొదలుగా తీసుకోకూడదు, ఆ మాటకి ఎవరూ జవాబివ్వలేరు. పదింటిలో ఎనిమిది ఏడు రోజుల్లోపు తేలాలి అని పెట్టుకోవచ్చు. ఈ లక్ష్యంలో సగం భారం మీ డైరెక్టర్ గారి మీదే పడుతుంది, తెలుసా? ఆయనకది మొదట నచ్చకపోవచ్చు. అయినా పెట్టండి. ప్రశ్న అడిగే తీరు మీ వాళ్ల చేతిలో, జవాబిచ్చే వేగం ఆయన చేతిలో అని లక్ష్యంలోనే విడదీసి రాయండి.

ఈ విడదీయడం గురించి ఒక మాట. స్మార్ట్ లక్ష్యాలని మనమంతా శిక్షణల్లో నేర్చుకున్నాం: ఇంగ్లిష్‌లో ఆ మాటలోని అయిదు అక్షరాలూ మంచి లక్ష్యానికి ఉండాల్సిన అయిదు గుణాలు. జార్జ్ డోరన్ 1981 నవంబర్‌లో ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలోది అది. అందులో నడిమి అక్షరం "ఏ" ఇప్పుడు అందరూ చెప్పే "అచీవబుల్" కాదు, "అసైనబుల్". అంటే ఆ పని ఎవరిదో తేల్చి చెప్పగలగాలి. కాలక్రమంలో ఆ అర్థం జారిపోయింది, దాంతోపాటే బాధ్యత కూడా జారిపోయింది. "టీమ్ లక్ష్యం" అని అందరి నెత్తినా పెడితే తిలాపాపం తలా పిడికెడు. ప్రతి లక్ష్యానికీ ఈ అయిదు గుణాలూ ఉండి తీరాలని కూడా డోరన్ అనలేదు. శిక్షణ స్లైడ్లలో ఆ ముక్క రాదు.

క్లయింట్ మనసు మార్చుకునే సంగతికి వద్దాం. మార్పుని మీ మేనేజర్ ఆపలేరు, ఆపకూడదు కూడా. ఆయన చేతిలో ఉన్నది ఆ మార్పు ఖరీదు ఎంతో త్వరగా చెప్పడం. మార్పు అడిగిన అయిదు పనిదినాల్లో తేదీ మీద, ఖర్చు మీద దాని ప్రభావం రాసివ్వాలి. సంతకం లేకుండా మొదలైన మార్పులు సున్నా ఉండాలి. ఇది మూడో లక్ష్యం. "చిన్నదే కదా, చేసేద్దాం" అని నోటిమాట మీద మొదలుపెట్టినవే చివర్లో ఆలస్యంగా బయటపడతాయి. ఇది పాటిస్తే మొదటి తేదీ, ఆమోదించిన తేదీ అని ఇందాక చెప్పిన రెండు వరుసల మధ్య తేడాకి ప్రతిసారీ ఒక కాగితం సాక్ష్యంగా ఉంటుంది. ఆ వ్యక్తి రేటింగ్ గొడవ అక్కడితో తీరిపోతుంది.

మూడు చాలు. నాలుగోది కావాలనిపిస్తే పైమూడింటిలో ఒకటి తీసేసి పెట్టండి.

మీ మిగతా జాబితా గురించి. ఎస్‌పీఐని లక్ష్యంగా మాత్రం పెట్టకండి. అయిన పని విలువని అప్పటికి కావాల్సిన పని విలువతో భాగిస్తే వచ్చేదే కదా అది. ప్రాజెక్టు పూర్తయిన రోజున రెండూ మొత్తం బడ్జెట్‌కే సమానం. ఆరు నెలలు ఆలస్యంగా ముగిసిన ప్రాజెక్టు కూడా చివరికి 1.0 చూపిస్తుంది! మొదటి సగంలో అది కొంత ఉపయోగపడుతుంది, ఆఖర్లో అందరినీ మభ్యపెడుతుంది. ఖర్చు వైపు సూచీ, సీపీఐ (అయిన పని విలువని అయిన ఖర్చుతో భాగిస్తే వచ్చేది), ఇలా మాయ చేయదు. అయిన పని విలువ 40 లక్షలు, ఖర్చు 50 లక్షలు అయితే 0.8, అది చివరి రోజు కూడా అలాగే నిలబడుతుంది. కాకపోతే అది కంపెనీ గమనించాల్సిన అంకె, మేనేజర్ రేటింగ్‌లోకి లాగాల్సింది కాదు. మీ 5 శాతం బడ్జెట్ తేడాకీ ఇదే జవాబు.

వీక్లీ రిపోర్టు సకాలంలో పంపడం లక్ష్యం కాదు, పళ్లు తోముకోవడం లాంటిది. చేయకపోతే అడగండి, చేసినందుకు మార్కులు వేయకండి. క్లయింట్ సంతృప్తి 4.5 అంటే నలుగురు జవాబిచ్చి అందులో ఒకరికి ఆ రోజు తలనొప్పి ఉంటే పోయే అంకె. దానికి బదులు నెలకోసారి ఒకే ప్రశ్న అడగండి: "మీకు ముందే చెప్పాల్సింది ఆలస్యంగా తెలిసిన విషయం ఈ నెలలో ఏమైనా ఉందా?" వచ్చే జవాబులు మొదటి లక్ష్యం అంకెని సరిచూసుకోవడానికి బాగా పనికొస్తాయి.

తేదీ, బడ్జెట్ రెండూ దాటిపోయినా ప్రాజెక్టు గెలవొచ్చు, రెండూ సరిగ్గా ఉన్నా ఓడిపోవచ్చు. సిడ్నీ ఒపేరా హౌస్ 1963కి 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో అయిపోవాలి. 1973లో, 10 కోట్ల 20 లక్షలతో పూర్తయింది. ఇవాళ ఆ దేశం పేరు చెబితే కళ్ల ముందు మెదిలే కట్టడం అదే. మోటరోలా వెనకుండి నడిపించిన ఇరిడియం ఉపగ్రహ ఫోన్ సేవ 1998 నవంబర్‌లో మొదలైంది, 1999 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. డజన్ల కొద్దీ ఉపగ్రహాలు పైన చక్కగా తిరుగుతున్నాయి, కింద కొనేవాళ్లే లేరు. ప్రాజెక్టు ముగిసిన ఆరు నెలల తర్వాత వెళ్లి, కట్టింది ఎవరైనా వాడుతున్నారా అని చూసే బాధ్యత మీ కంపెనీలో ఎవరిదో ఒకసారి కనుక్కోండి. మీ ఏడుగురిదీ కాకపోవచ్చు. ఎవరిదీ కాకపోతే మాత్రం డైరెక్టర్ గారికి చెప్పదగ్గ విషయమే.

ఈ రెండు వారాల్లో ఏం చేయాలి? టీమ్‌ని ఒక రోజంతా కూర్చోబెట్టి పోయినేటి 14 ప్రాజెక్టుల చరిత్ర తీయించండి. ఎవరి ప్రాజెక్టు ఏదో పట్టికలో రాయొద్దు, అంకెలు చాలు. దాంతో మీకు పునాది అంకె వస్తుంది. పునాది లేకుండా పెట్టే లక్ష్యం గాల్లో మేడే. డైరెక్టర్ గారికి పంపే కాగితంలో మూడు లక్ష్యాలూ, వాటి పునాది అంకెలూ, "మొదటి త్రైమాసికం కొలుస్తాం, చేరాల్సిన అంకె దాని చివర ఖాయం చేస్తాం" అన్న మాటా ఉంటే చాలు. ఆయన ఇప్పుడే అంకె కావాలంటే మీ అంచనా రాసి, పక్కన "తాత్కాలికం" అని పెట్టండి. స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఉన్నవాళ్లు "శక్తివంచన లేకుండా చేయండి" అని మాత్రమే చెప్పించుకున్నవాళ్లకన్నా బాగా పనిచేస్తారని మనస్తత్వవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది. పని కొత్తది, చిక్కుపడింది అయినప్పుడు మాత్రం ఫలితం మీద అంకె పెట్టేకన్నా నేర్చుకోవడం మీద లక్ష్యం పెట్టడమే మేలని కూడా వాళ్లే చెప్పారు. మీ టీమ్‌లో ఎవరైనా ఇంతకుముందు ఎవరూ చేయని రకం ప్రాజెక్టు నడుపుతుంటే వాళ్లని ఈ లెక్కల్లోంచి ఈ ఏడాదికి వదిలేయండి.

బోనస్ సంగతి. నా మాట వింటే మొదటి ఏడాది వద్దు. ముందస్తు హెచ్చరికకి డబ్బు ముడిపడిన రోజే అది హెచ్చరికగా పనిచేయడం మానేస్తుంది, నా రిస్క్ రిజిస్టర్ లాగే. కంపెనీ నిబంధన ఒప్పుకోకపోతే, ఏడుగురికీ కలిపి ఒకే అంకె మీద, చిన్న మొత్తంతో పెట్టండి. ఒక మేనేజర్‌ని ఇంకొకరితో పోల్చే పట్టిక మాత్రం తయారు చేయనివ్వకండి. సులువైన ప్రాజెక్టులు ఎవరికి దొరికాయన్నదే అందులో కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ ఉండదు.

టూల్ ఏమీ కొనొద్దు, రెండు త్రైమాసికాల దాకా ఒక ఎక్సెల్ షీటు చాలు. వరుసకో మైలురాయి. మొదటి తేదీ, ఆమోదించిన తేదీ, జారుతుందని మొదటిసారి చెప్పిన రోజు, నిజంగా పూర్తయిన రోజు, తేదీ మారితే ఎందుకో ఒక్క ముక్కలో. కొత్త తేదీ వచ్చినప్పుడల్లా పక్క గడిలో రాయాలి తప్ప పాతదాన్ని చెరిపి దాని మీద రాయకూడదు. మొదటి తేదీ ఉన్న గడులకి తాళం వేసి, పాస్‌వర్డ్ మీ టీమ్‌లో లేనివాళ్ల దగ్గర పెట్టండి. మీకు కూడా తెలియనివ్వకండి.